మా మందకు మాట పోయిన ఏడు

పోయిన ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం మా చెల్లెలి కూతురు దోర్నాల బస్సు దిగి, మార్కాపురంలో మా వీధి మొదలు నుంచే కళ్లు తుడుచుకుంటూ నడిచి వచ్చి, నేను మంచినీళ్లు తెచ్చేలోపలే గడప మీద కూలబడి, బ్యాంకులో తనకు స్కోరు లేదన్నారని చెప్పి భోరుమన్నది. ఎవరికేం ముంచుకొచ్చిందోనని నా పై ప్రాణాలు పైనే పోయినాయి. నెమ్మదిగా అడిగితే సంగతి తెలిసింది. శ్రీశైలం పోయే బండ్లు ఆగే చోట అది తోపుడుబండి మీద దోసెలు పోస్తుంది. చేతి రుచి ఉన్న పిల్ల, ఒకసారి తిన్న యాత్రికుడు తిరుగుదారిలో మళ్లీ వెతుక్కుంటూ వస్తాడు. బండి తీసేసి రేకుల షెడ్డు వేసి, నాలుగు బల్లలు పెట్టుకుని హోటలు చేసుకుందామని లోను అడగబోయింది. బ్యాంకు సారు మర్యాదగానే కూర్చోబెట్టి, కంప్యూటరులో చూసి, వీలుకాదమ్మా అన్నాడట. దాని మొగుడు దీని పేరు మీద వాయిదాల్లో ఒక ఫోను తీసుకుని, ఆ ఫోను పగిలిపోయిందని చివరి వాయిదాలు కట్టడం మానేసినాడట. పగిలిన ఫోనుకు డబ్బులేందని ఆ మహానుభావుడి లెక్క. ప్రైవేటు ఫైనాన్సు వాళ్లు ఇస్తామంటున్నారు గానీ, బ్యాంకు వడ్డీకి రెట్టింపు, పైగా మెడలోది తాకట్టు.

నా ఈడు వాళ్లు మీలో ఎవరన్నా ఉంటే మీకు నేను విడమర్చి చెప్పే పనిలేదు, ఈ స్కోరు అన్నది మన కాలంలోనూ ఉండేది, దానికి అంకె మాత్రం ఉండేది కాదు. వాళ్లకు మాట ఉంది అనేవాళ్లు, లేదంటే వాళ్లకు మాట పోయింది అనేవాళ్లు. ఆ పిల్ల ముక్కు ఎగబీలుస్తూ చెబుతుంటే నేను వింటూనే ఉన్నాను గానీ, నా మనసు మాత్రం ఎప్పుడో అర్ధవీడు వైపు కొండల కిందికి, మా అత్త దగ్గరికి వెళ్లిపోయింది. నేను కాపురానికి పోయిన కొత్తల్లో ఒక ఏడాది పాటు మా ఇంటికి మాట లేకుండా పోయింది. పోయిన మాటను మా అత్త ఎట్ల తెచ్చుకున్నదో నేను పక్కనే ఉండి చూసినాను, చూడటమేంది, నెత్తిన గంప పెట్టుకుని మోసినాను కూడా.

మాది గిద్దలూరు. మా నాయన రైలు గేటు కాడ పనిచేసేవాడు. పదో తరగతి దాకా చదివి, రెండు జడలు వేసుకుని, సినిమాలు చూసి పెరిగిన నన్ను తీసుకుపోయి గొర్రెలు కాసే ఇంట్లో ఇచ్చినారు. ఇంటి ముందు మనుషులుండే చోటు కన్నా వెనక గొర్రెలుండే దొడ్డి పెద్దది. మొదటి నెలంతా ఆ వాసనకు నాకు అన్నం సయించలేదు. నేను ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటే ఆ వీధి ఆడవాళ్లు గిద్దలూరు దొరసాని వచ్చిందని నవ్వేవాళ్లు. మా అత్త మాత్రం నవ్వేది కాదు, కసిరేదీ కాదు. సన్నగా, పొడుగ్గా, ఎండిన కందికట్టెలాగా ఉండే మనిషి. ఆమె నడకను అందుకోవాలంటే నేను పరుగెత్తాల్సి వచ్చేది. మాట తక్కువ, చేసేది ఎక్కువ, చేసే పని ఎందుకో మనకు చెప్పడం అసలే లేదు, మనమే చూసి తెలుసుకోవాలి. ఆ ఒక్క గుణానికి నాకు ఆమె మీద ఎంత ఒళ్లు మండేదో చెప్పలేను.

ఇప్పటి పిల్లలకు మంద కట్టడం అంటే తెలియదు గనక రెండు ముక్కలు చెబుతాను. కంది కోత అయిపోయినాక, మళ్లీ వానలు పడేదాకా చేలు ఖాళీగా ఉంటాయి గదా, అప్పుడు రైతులు గొర్రెల మందను పిలిపించుకుని రాత్రిళ్లు తమ చేలో నిలబెట్టించుకునేవాళ్లు. పగలంతా ఎక్కడెక్కడో మేసి వచ్చిన గొర్రెలు ఆ చేలో పడుకుంటే, పెంటికలూ మూత్రమూ ఆ భూమికి పడతాయి. ఆ బలానికి మరుసటి పంట ఎట్ల లేస్తుందో చూసినవాళ్లకే తెలుసు. దానికి బదులుగా రైతు జొన్నలిచ్చేవాడు. అదీ మంద వచ్చినాక ఇచ్చేది కాదు, చలికాలంలోనే, కాపరి ఇంట్లో గింజలు అడుగంటే వేళకే ముందుగా కొలిచి పంపేవాడు. ఆ జొన్నలు మేము తిని బతికేవాళ్లం, ఎండలు ముదిరినాక మంద తోలుకుపోయి ఆయన చేలో నిలబెట్టేవాళ్లం. కాగితం లేదు, సంతకం లేదు, నడుమ పెద్దమనిషి కూడా లేడు. వస్తామన్న మాట ఒక్కటే.

ఆ మాటనే మా మామ పోగొట్టినాడు. మా మామ చెడ్డవాడని అనుకోవద్దు, అంత మెత్తటి మనిషిని నేను మళ్లీ చూడలేదు, ఆ మెత్తదనమే కొంప ముంచింది. ఊరికి పడమట పెద్ద చేను ఉన్న ఒక రైతు ఉండేవాడు. మా మామ ఆయనను అన్నా అని పిలిచేవాడు గనక నాకు పెదమామ వరస. ఆ పెదమామ మాకు ఏటేటా జొన్నలిచ్చి మంద కట్టించుకునేవాడు. ఆ ఏడు కూడా ఇచ్చినాడు, మేము తిన్నాము. ఇంతలో కంభం అవతల ఉన్న మా మామ బావ, అంటే అక్క మొగుడు, మనిషిని పంపి, ఈసారి మంద ముందు నా చేలోకి తోలుకు రావాలని పట్టుబట్టినాడు. అక్క మొగుడికి లేదని చెప్పే నోరు మా మామకు దేవుడు పెట్టలేదు. ముందు బావ చేలో నిలబెట్టి, వానలు పడేలోగా అన్న చేలోకి తోలుకొద్దామని తనలో తానే సర్దుకుని, ఇద్దరికీ సరేననేసినాడు.

తీరా అక్కడికి పోయినాక గొర్రెలు ఈనడం మొదలుపెట్టినాయి. ఒకదాని వెనక ఒకటి, రోజూ పిల్లలే. కాళ్లు కూడా నిలవని పసిపిల్లలను అంత దూరం నడిపించలేరు, తల్లులను విడదీయలేరు, మంద అక్కడే ఇరుక్కుపోయింది. ఇక్కడ పెదమామ మంద వస్తుందని చేను దున్నించకుండా, వేరే మంద వాళ్లు వచ్చి అడిగినా వద్దని చెప్పి, ఎదురుచూస్తా కూర్చున్నాడు. ఆ ఏడు వాన ముందే దిగింది. ఎరువు లేని నేలలోనే ఆయన విత్తనం వేసుకోవాల్సి వచ్చింది. అప్పుడన్నా మా మామ మందతో తిరిగొచ్చినప్పుడు నేరుగా ఆయన ఇంటికి పోయి, అన్నా ఇట్లయింది అని చెప్పుకుని ఉంటే తిట్టి ఊరుకునేవాడేమో. మొహం చెల్లక, ఆయన చేను కనబడే బాట విడిచి, వాగు వెంబడి వెనకదారిన మందను ఇంటికి తోలుకొచ్చినాడు. మంద రాకపోయిన దానికన్నా ఆ వెనకదారి సంగతికే ఊరు ఎక్కువ మాట్లాడుకున్నది.

తిన్న జొన్నలు తిరిగిచ్చేద్దామని మా ఇంటాయన ఎక్కడెక్కడో తిరిగి బస్తాలు కొనుక్కొచ్చి బండి కట్టినాడు. పెదమామ బండి దించనియ్యలేదు. తనకు జొన్నలు లేకనా ఇచ్చింది, తన చేనికి మంద లేక గదా ఇచ్చింది, ఇప్పుడు ఈ గింజలు చల్లితే చేనికి ఎరువవుతుందా అని అడిగినాడట. ఇక మీ మంద నా గట్టు తొక్కగూడదని కూడా అన్నాడట. మా ఇంటాయన ఆ బస్తాలతోనే తిరిగొచ్చి, ఎడ్లను విప్పకుండా బండి మీదనే చానాసేపు కూర్చున్నాడు. తీర్చుకుందామన్నా తీసుకునేవాడు లేని అప్పు ఎంత బరువుగా ఉంటుందో నాకు ఆ రోజు అర్థమయింది.

మాట పోతే ఏమవుతుందో నాకు అంతకుముందు తెలియదు, మా నాయనది జీతం ఇల్లు గదా. పోయింది ఒక్క రైతు దగ్గర అనుకున్నాను గానీ, చూస్తుండగానే ఊరంతా పోయింది, ఊరి నుంచి పక్క ఊళ్లకు పాకింది. చలికాలం వచ్చినా ఏ రైతూ మా ఇంటికి గింజ పంపలేదు. దుకాణం ఆయన అదివరకు ఉప్పూ చింతపండూ అడిగినంత అరువుకు కట్టి ఇచ్చేవాడు, ఇప్పుడు పొట్లం చేతిలోనే పట్టుకుని నా చేతివంక చూసేవాడు. ఖర్చుకు రొక్కం కావాలంటే గొర్రెను అమ్మాలి. కనిగిరి వైపు నుంచి వచ్చే బేరగాళ్లకు మా ఇంటి సంగతి మా కన్నా ముందే తెలిసిపోయేది. వీళ్లకు గతి లేదు, ఎంతకైనా ఇస్తారని ధర తొక్కిపెట్టి, పిల్లలనిచ్చే మంచి గొర్రెలనే ఏరి పట్టుకుపోయేవాళ్లు. తల్లి పోయిన పిల్లలు దొడ్లో అరుస్తుంటే నేను ఇంట్లో చెవులు మూసుకునేదాన్ని. వాసనకు ముక్కు మూసుకున్న నేనే అప్పటికి వాటిలో దేని అరుపు ఏదో పోల్చుకునేదాకా వచ్చినాను.

ఎగతాళి ఒకటి మిగిలింది, అదీ జరిగింది. బాయికాడ ఎవరన్నా ఎవరినన్నా రేపొస్తావా అని అడిగితే, వస్తాలే, వాళ్ల మంద వచ్చినట్టు వస్తా అని నవ్వుకునేవాళ్లు. నేను బిందె దించుకుంటుంటే కూడా అనేవాళ్లు. పెళ్లి పిలుపులు మా వీధిలో అన్ని గడపలకూ వచ్చి, చిట్టచివరన మా ఇంటికి వచ్చేవి. మా మామ ఇల్లు కదలడం మానేసి, దొడ్డిలో గొర్రెల నడుమ కూర్చుని చిక్కిపోయినాడు. పెదమామ కాళ్లు పట్టుకుంటానని, గుళ్లో ప్రమాణం చేస్తానని ఒకరోజు ఏడ్చినాడు. మా అత్త చేటలో జొన్నలు చెరుగుతూ చెరుగుతూ ఆగి, "నీ మాట విని విని వాళ్లకు విసుగొచ్చింది. ఇంకొక మాట తీసుకపోయి ఏం చేస్తావు? గమ్మునుండు" అన్నది. ఆయన లేచి మళ్లీ దొడ్డిలోకే పోయినాడు.

నాకు అన్నిటికన్నా భయం వేసింది మా ఇంటాయన సంగతికి. ఆ కాలంలోనే మా వైపు నుంచి మనుషులు హైదరాబాదుకు మేస్త్రీల వెంట పోవడం మొదలైంది. పోయినవాళ్లు ఏడాదికొకసారి సిమెంటు పట్టిన చేతులతో వచ్చి, తాము పోయేటప్పుడు పొట్టలో ఉన్న పిల్లలకు కొత్తమొహంగా కనబడి మళ్లీ పోయేవాళ్లు. మా ఇంటాయన కూడా మేస్త్రీతో మాట్లాడుకున్నాడు. కంది కోత అయినాక ఎవరూ మందను పిలవకపోతే మిగిలిన గొర్రెలన్నీ అమ్మేసి పోతానన్నాడు. నాకు అప్పుడు మూడో నెల. గొర్రెల వాసన గిట్టని గిద్దలూరు పిల్లను, ఆ గొర్రెలు ఉండాలని దేవుడికి మొక్కుకోవడం మొదలుపెట్టినాను. అవి ఉంటే ఆయన ఉంటాడు, అవి పోతే ఆయన పోతాడు, నా బతుకు అంతకు కుదించుకుపోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా అత్తకు బదులు తెచ్చుకునే జబ్బు పట్టింది. జబ్బనే అనుకున్నాను నేను. పొద్దున్నే లేపి, పక్కింటికి పోయి మజ్జిగ తోడు అడిగి తీసుకురమ్మనేది. మనింట్లో పెరుగున్నది గదత్తా అంటే వినేది కాదు. ఒకరోజు జల్లెడ, ఒకరోజు రోకలి, ఒకరోజు గిద్దెడు ఆముదం, ఒకరోజు చేటెడు సజ్జలు. మాట పోయిన ఇల్లు గదా, ఇచ్చేవాళ్లు కూడా మొహం గంటు పెట్టుకునే ఇచ్చేవాళ్లు, కొందరు లేదని తలుపు దగ్గరే తిప్పి పంపేవాళ్లు. లేదన్న ఇంటికి రెండు రోజులు ఆగి మళ్లీ పంపేది, ఇంకా చిన్నది ఏదన్నా అడగమని. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టు ఉండేది. తెచ్చినదాన్ని ఆమె వాడను కూడా వాడేది కాదు. తెల్లారేసరికి తిరిగిచ్చి రమ్మనేది, సజ్జలైతే తెచ్చిన చేట మీద ఇంకొక గుప్పెడు పోసి, వాళ్లు అడగకముందే, వాళ్లు వాకిలి ఊడ్చేలోపలే వాళ్ల గడపలో ఉండాలి. ఆలస్యమైతే మాత్రం అగ్గి అయ్యేది.

పక్కింటి పెద్దత్త ఒకరోజు ఏదో పనిమీద మా ఇంట్లోకి వచ్చి, దూలానికి వేలాడుతున్న మా జల్లెడను చూసింది. తన జల్లెడేమో కింద గోడకు ఆనించి ఉంది, అప్పుడే నేను తెచ్చి పెట్టినాను. పెద్దత్త నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏందే ఇది? ఇంట్లో నిక్షేపంలాగా జల్లెడ పెట్టుకుని నా జల్లెడ తెప్పించుకుంటావు, నీకేమన్నా పిచ్చి పట్టిందా?" అని అడిగింది. మా అత్త తడుముకోలేదు. "మా జల్లెడ మేము తీసుకుని మాకే తిరిగిచ్చుకుంటే ఎవరికి తెలుస్తది అక్కా?" అన్నది. పెద్దత్త పకపకా నవ్వి, నవ్వి నవ్వి, చివరకు కళ్లొత్తుకుని, తన జల్లెడను ఇంకో నాలుగు రోజులు ఉంచుకోమని చెప్పి పోయింది. మా అత్త ఉంచుకోలేదు, మరుసటి పొద్దుటికే పంపించింది. ఇన్నాళ్లూ నేను ఎందుకు తిరుగుతున్నానో నాకు ఆ ఒక్క మాటతో తెలిసింది, ఆ తర్వాత నేను చేటతో వీధిలో నడవడానికి సిగ్గుపడలేదు.

రెండోది పెదమామ సంగతి. మంద గట్టు తొక్కగూడదన్నాడు గదా, సరే, మంద తొక్కదు. వానాకాలం, చలికాలం గొర్రెలు ఇంటికాడనే ఉంటాయి గనక దొడ్డి నిండా పెంట. అది అమ్ముకుంటే గింజలొస్తాయని మా ఇంటాయన అన్నాడు, న్యాయమైన మాటే. మా అత్త రెండు గంపలు తీసి, ఒకటి తను ఎత్తుకుని ఒకటి నాకెత్తి, పడమటి బాట పట్టించింది. పెదమామ చేని గట్టు అవతల, ఊరందరిదీ అయిన బాట పక్కన, ఆ పెంట పోసి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేసినాము. మరుసటి రోజు మళ్లీ. ఆ మరుసటి రోజు మళ్లీ. కడుపుతో ఉన్నదాన్నని నా గంపలో సగమే వేసేది, ఆ సగం తగ్గింది తన గంపలో వేసుకునేది. పెదమామ చేలో ఉండి చూసేవాడు, పలకరించేవాడు కాదు. మేమూ పలకరించేవాళ్లం కాదు. ఆ కుప్ప పెరిగి నా నడుం ఎత్తు వచ్చింది, కోళ్లు ఎక్కి గీకేవి, దారిన పోయేవాళ్లు ఇది ఎవరిదని ఒకరినొకరు అడుగుతూ పోయేవాళ్లు.

ఒకరోజు మేము గంపలతో పోయేసరికి కుప్ప లేదు. బాట పక్కన ఊడ్చినట్టు నేల తేలి ఉంది, గట్టుకు లోపల చేను మీద నల్లగా పలచగా పరిచి ఉంది. నేను ఎగిరి గంతేసేదాన్నే, గంప ఉంది గనక ఆగినాను. మా అత్త ఒకసారి ఆ చేను వంక చూసి, "తీసుకున్నాడు" అని, తన గంప అక్కడే వంపి, కొత్త కుప్పకు మొదలుపెట్టి, ఎప్పటిలాగే నడిచింది. ఇంటికి పోయి కూడా ఎవరికీ చెప్పలేదు. నేనే ఆగలేక మా ఇంటాయనతో చెబితే, పెంట తీసుకున్నంత మాత్రాన మందను రానిస్తాడా అని ఆయన పెదవి విరిచినాడు. ఆయన అన్నదీ నిజమే. కంది కోతలు అయిపోయినాయి. పక్క ఊళ్ల మందలు దిగి, ఒక్కొక్క చేలో దడి కట్టుకుంటున్నాయి. మా మంద దొడ్డిలోనే ఉంది. మేస్త్రీ మనిషి వచ్చి బండెక్కే రోజు చెప్పిపోయినాడు. నేను మా ఇంటాయన బట్టలు ఉతికి, మడత పెట్టి, సంచిలో సర్దినాను. సర్దినవి మళ్లీ తీసి మళ్లీ సర్దినాను.

ఆ వారంలోనే ఒక పొద్దున పెదమామ మా వీధిలోకి వచ్చినాడు. ఇంట్లోకి రాలేదు, వాకిట్లో నిలబడినాడు. ఆయనది సహజంగానే పెద్ద గొంతు, ఆ రోజు ఇంకా పెద్దది చేసుకున్నాడని నాకు ఇప్పటికీ అనుమానం. "ఏమ్మా, కంది కోసి ఇన్నాళ్లాయె, మందను ఇంటికాడ పెట్టుకుని కూర్చున్నారేంది? నా చేను ఈ ఏడు కూడా ఎండాల్నా?" అని అడిగినాడు. చుట్టుపక్కల గడపల్లో చెరిగే చేటలు ఆగినాయి. మా మామ దొడ్డిలో నుంచి పరుగున వచ్చి, అన్నా అని ఏదో అనబోయినాడు. "నువ్వు మాట్లాడమాక. నీ మాట నాకొద్దు. నేను ఆమెనడుగుతున్నా" అన్నాడు పెదమామ. మా అత్త కొంగు సర్దుకుని, "రేపు పొద్దుగూకేలోపల మీ చేలో ఉంటాయి బావా" అన్నది. "మళ్లీ వానొస్తే?" అన్నాడు. "వానలోనే తోలుకొస్తాము" అన్నది. ఆయన తల ఊపి, మా మామ వంక ఒకసారి చూసి, ఆ చూపులో కోపం ఉన్నదో నవ్వు ఉన్నదో నాకు తెలియదు, వెళ్లిపోయినాడు.

అంతటితో అయిపోయిందనుకుంటే, పొద్దెక్కే వేళకు ఆయన బండి వచ్చింది, జొన్నల బస్తాలతో. ఆయన ఇంటి నుంచి మా ఇంటికి వాగు పక్కనుంచి అడ్డదారి ఉంది. ఆ దారిన రాకుండా, ఊరు చుట్టి, దుకాణం ముందు నుంచి, బాయికాడ నుంచి, ఆడవాళ్లు బిందెలు పక్కకు లాక్కునేంత ఇరుకు సందులో నుంచి ఆ బండి వచ్చింది. మంద ఇంకా కదలలేదు, గొర్రె ఒక్కటీ ఆయన చేలో కాలు పెట్టలేదు, అయినా జొన్నలు ముందే పంపినాడు, అదీ ఊరందరూ చూసేటట్టు. మా ఇంటాయన బస్తాలు దించుతుంటే మా అత్త లోపలికి పోయింది. ఎంతకీ రాకపోతే నేను పోయి చూసినాను. పొయ్యి దగ్గర గోడకు ఆనుకుని, నోట్లో కొంగు కుక్కుకుని, ఒళ్లంతా కదిలిపోయేటట్టు ఏడుస్తున్నది. ఆ ఏడాదంతా, ఎవరు ఏమన్నా, ఆమె కంట నీళ్లు నేను చూసి ఎరగను. నేను పక్కన కూర్చుంటే నా భుజం మీద తల పెట్టింది. అత్త కోడలి భుజం మీద తల పెట్టడం మా వీధిలో ఎవరూ చూసి ఉండరు, మేము కూడా ఎవరికీ చెప్పుకోలేదు.

మూడోనాటికి ఇంకో ఇద్దరు రైతులు వచ్చి అడిగినారు. దుకాణం ఆయన పొట్లం కట్టి అరుగు మీద పెట్టి, తర్వాత చూద్దాంలే అన్నాడు. మా ఇంటాయన మేస్త్రీకి రానని కబురు పంపినాడు, సంచిలో బట్టలు నేనే తీసి దండెం మీద వేసినాను. మా పెద్దోడు పుట్టినప్పటి నుంచీ వాళ్ల నాయన చేతుల్లోనే పెరిగినాడు, కొత్తమొహం కాలేదు, నాకు అంతకన్నా ఏం కావాలి. చానా ఏండ్లు ఆ మంద మాకు అన్నం పెట్టింది. తర్వాత ట్రాక్టర్లు వచ్చినాయి, యూరియా బస్తాలు వచ్చినాయి, మందను పిలిచేవాళ్లు తగ్గినారు, నేను అంగన్‌వాడీలో చేరినాను, పిల్లల చదువులకని మార్కాపురం వచ్చి పడినాము. మా ఇంటాయన పోయి కూడా ఏండ్లవుతుంది. మా అత్త అయితే చివరి రోజుల్లో, మనుషులను పోల్చుకోలేని స్థితిలో కూడా, నేను దుప్పటి కప్పుతుంటే చెయ్యి పట్టుకుని, "మనింట్లో ఎవరిదన్నా ఉన్నదా, ఇచ్చేసి రాపో" అనేది. ఎవరిదీ లేదత్తా అంటే నమ్మేది కాదు. నమ్మించడానికి నేను ఏదో ఒక గిన్నె పట్టుకుని వీధిలోకి పోయి, కాసేపు నిలబడి వచ్చేదాన్ని.

ఇదంతా ఆ రోజు మా చెల్లెలి కూతురికి చెప్పలేదు, చెబితే పెద్దమ్మ పురాణం మొదలుపెట్టిందనుకునేది. దాన్ని వెంటబెట్టుకుని నేనే మళ్లీ బ్యాంకుకు పోయినాను. ఆ సారు మంచివాడే, విసుక్కోకుండా చెప్పినాడు. ముందు ఆ ఫోను బాకీ అణా పైసలతో కట్టేసి, కట్టినట్టు కాగితం రాయించుకోమన్నాడు. స్కోరు రాసేవాళ్ల దగ్గర ఆ బాకీ తీరినట్టు ఎక్కిందో లేదో చూసుకోమన్నాడు. కంగారుపడి నాలుగు చోట్ల లోను అడగవద్దు, అడిగినకొద్దీ ఇంకా దిగుతుందన్నాడు. బ్యాంకులో కొంచెం దాచుకుని, ఆ దాచుకున్నదాని మీదనే చిన్న అప్పు తీసుకుని, వాయిదా తేదీ రాకముందే కట్టుకుంటూ పోతే నెమ్మదిగా పెరుగుతుందన్నాడు. తన డబ్బు తన దగ్గరే ఉండగా అప్పెందుకు తీసుకోవాలని ఆ పిల్ల నా వంక అయోమయంగా చూసింది. నాకు మాత్రం నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి, కొంగుతో నోరు మూసుకున్నాను.

అది బుద్ధిగానే చేసింది. మొగుడి చేత రోజూ గిన్నెలు తోమించి మరీ ఫోను బాకీ కట్టించింది, తన వాయిదా ఒక్కటి తప్పలేదు. నెలలు గడిచినాయి. మొన్న మళ్లీ వచ్చింది, ఈసారి నవ్వు మొహంతో, ఫోను నా కళ్ల ముందు పెట్టింది. తెర మీద ఒక అంకె, దాని చుట్టూ పచ్చటి గీత. లోను ఇస్తారంట పెద్దమ్మా అన్నది. నా కడుపు నిండిపోయింది, ఆ మాటలో అబద్ధం లేదు. ఎవరు ఒప్పుకున్నారే అని అడిగినాను. "ఎవరూ కాదు పెద్దమ్మా, అదే పెరుగుతది" అన్నది. ఆ ఫోను వాడు వచ్చినాడా, ఏమన్నా అన్నాడా అంటే, ఆ కంపెనీలో ఎవరుంటారో కూడా తనకు తెలియదన్నది. కాఫీ తాగి, సాయంత్రం బండి పెట్టుకోవాలని దోర్నాల బస్సుకు పరుగెత్తింది.

అది పోయినాక చానాసేపు నేను ఆ గడప మీదనే కూర్చున్నాను. కోపం పెంచుకోవడానికి అప్పుడు ఒక మనిషి ఉండేవాడు, ఆయన కోపం మాకు ఏడాది పొడుగునా అన్నం సయించకుండా చేసింది, అది మంచి కాలమని నేను అననే అనను. కానీ ఆ మనిషే ఒక పొద్దున నడిచొచ్చి మా వాకిట్లో నిలబడి, వీధి అంతా వినేటట్టు మా మందను తన చేలోకి తోలమని అడిగినాడు. మా అత్త అంత కష్టమూ ఆ ఒక్క గొంతు వినడానికే పడింది. ఈ పిల్ల కూడా తక్కువ కష్టపడలేదు, దీని కష్టమూ ఫలించింది, దోసెల బండి హోటలవుతుంది, నాకు సంతోషమే. అయినా మా అత్త ఆ పొద్దు పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చినట్టు కరువుతీరా ఏడవడానికి, దీని వాకిట్లోకి వచ్చి నిలబడిన మనిషి ఒక్కడూ లేడు.